లైబ్రేరియన్లు రాసే మాన్యువల్‌కి ఏ ఫార్మాట్ పెట్టాలి: ఒక కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఈ కేసులోని బృందం ఏదో, సాఫ్ట్‌వేర్ ఏదో, మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం మార్చలేదు. స్వచ్ఛందంగా రాసే డాక్యుమెంటేషన్‌కి మార్క్‌డౌన్ (మామూలు రాతలోనే నక్షత్రంలాంటి చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతి) మంచిదా, వికీ (చదివేవాళ్లే బ్రౌజర్‌లో దిద్దగల పేజీలు) మంచిదా, ఇంకేదైనా ఉందా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కన్నా, రెండేళ్లలో మూడుసార్లు ఫార్మాట్ మార్చుకున్న ఈ ప్రాజెక్టు కథంతా చెప్తే ఎక్కువ ఉపయోగం అనిపించింది.

నేపథ్యం

గ్రంథాలయంలో పుస్తకాల ఇష్యూ, రిటర్న్, కేటలాగు, సభ్యత్వాలు చూసుకునే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ఇంగ్లీషులో పెద్ద మాన్యువల్ కూడా ఉంది. మన డిగ్రీ కాలేజీల్లో పరిస్థితి ఎలా ఉంటుందంటే, నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) తనిఖీ వస్తోందనగానే లైబ్రరీ ఆటోమేషన్ అయిందా అని ప్రిన్సిపాల్ అడుగుతారు, హడావుడిగా ఎవరినో పిలిచి సాఫ్ట్‌వేర్ పెట్టిస్తారు, పెట్టినవాళ్లు వెళ్లిపోతారు, ఆ తర్వాత ఏది ఎక్కడుందో చెప్పే దిక్కు ఉండదు. కౌంటర్‌లో కూర్చునే అసిస్టెంట్‌కి వందల పేజీల ఇంగ్లీషు మాన్యువల్ చదివే తీరిక ఎక్కడిది? అందుకని కొందరు లైబ్రేరియన్లే పూనుకుని తెలుగులో మాన్యువల్ మొదలుపెట్టారు. మొత్తం 14 మంది. 9 మంది లైబ్రేరియన్లు, ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆ ఇద్దరిలో ఒకరు అమెరికాలో. ఎవరికీ జీతం లేదు. అందరూ రాత్రి భోజనాలయ్యాక, ఆదివారాలు కూర్చుని రాసేవాళ్లు.

నేను వృత్తిరీత్యా టెక్నికల్ రైటర్‌ని. ఈ పనిలోకి మధ్యలో వచ్చాను.

నన్ను పిలిచిన సందర్భం

ఒక కాలేజీలో సంక్రాంతి సెలవుల రోజులకి కూడా పిల్లలకి ఫైన్ పడింది. సెలవుల్ని లెక్కలోంచి తీసేసే సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో వేరే చోటికి మారింది. అక్కడి లైబ్రేరియన్ తెలుగు మాన్యువల్‌నే చూసి చేశారు, కాకపోతే ఆయన చేతిలో ఉన్నది వాట్సాప్‌లో తిరుగుతున్న పాత పీడీఎఫ్. పిల్లలు గొడవ చేశారు, ఆయన ఆ డబ్బు తిరిగి ఇచ్చుకున్నారు, ఆ తర్వాత బృందానికి ఫోన్ చేసి "మీ పుస్తకం నమ్మి మాట పడ్డానండీ" అన్నారు. ఆ మాట అందరికీ గట్టిగా తగిలింది.

నేను వెళ్లి చూస్తే మాన్యువల్ నాలుగు రూపాల్లో ఉంది. అందరూ కలిసి రాసిన ఆన్‌లైన్ డాక్యుమెంట్ ఒకటి. దాన్నుంచి ఎప్పుడో తీసిన పీడీఎఫ్ ఒకటి. ఒక సీనియర్ మేడమ్ గారు డీటీపీ వాళ్ల పాత నాన్-యూనికోడ్ ఫాంట్‌లో టైప్ చేయించిన మూడు అధ్యాయాలు, అవి వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించేవి. నాలుగోది, ఉద్యోగులిద్దరూ కలిసి గిట్ రిపాజిటరీలో (ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే నిల్వ) స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాఫ్ట్‌వేర్‌తో కడుతున్న కొత్త రూపం. ఏది అసలైనదని అడిగితే నలుగురు నాలుగు చూపించారు.

వాళ్లు నన్ను అడిగిన ప్రశ్న "ఏ ఫార్మాట్‌కి మారాలి?" అని. అసలు ప్రశ్న అది కాదని పట్టుకోవడానికి నాకే ఎనిమిది నెలలు పట్టింది.

అప్పటికే చేసి చూసినవి

ఆన్‌లైన్ డాక్యుమెంట్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. ఖాళీ పేజీ దగ్గర భయం పోవాలంటే అంత సులువైనది ఇంకోటి లేదు. ఫోన్‌లో టైప్ చేయొచ్చు, పక్కన వ్యాఖ్య పెట్టొచ్చు, సూచన పెడితే ఇంకొకరు ఒప్పుకోవచ్చు. మొదటి చిత్తుప్రతి రెండు నెలల్లో తయారైంది. చిక్కు ఆ తర్వాత మొదలైంది. హెడింగ్ అంటే అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెట్టడమే అనుకున్నారు చాలామంది, దాంతో విషయసూచిక దానంతటది తయారుకాలేదు. డాక్యుమెంట్ పెద్దదయ్యేకొద్దీ చిన్న ఫోన్లలో తెరుచుకోవడమే కష్టమైంది. అన్నిటికన్నా పెద్ద లోటు, ఈ పేజీ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌కి రాసిందో చెప్పే ఏర్పాటు లేకపోవడం. సంక్రాంతి ఫైన్‌కి అసలు మూలం అదే.

ఉద్యోగులిద్దరూ స్ఫింక్స్ వైపు వెళ్లడానికీ మంచి కారణాలే ఉన్నాయి. 2008లో వచ్చిన స్ఫింక్స్ పైథాన్ డాక్యుమెంటేషన్ కోసమే పుట్టింది, దాని కింద ఉండే రాత పద్ధతి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. లైనక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ కూడా 2016లో డాక్‌బుక్ అనే పాత పద్ధతి వదిలి దీనికే మారడం మొదలుపెట్టింది. పైగా ఇందులో అనువాదానికి పీవో ఫైళ్లు (ఇంగ్లీషు మూలం, దాని అనువాదం జంటలుగా ఉండేవి) వస్తాయి. ఇంగ్లీషు మాన్యువల్‌లో ఒక వాక్యం మారితే, దాని తెలుగు వాక్యాన్ని మళ్లీ చూడమని గుర్తు పెట్టి మరీ చూపిస్తాయి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ తెలుగు రాయడం మొదలుపెట్టాక రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. ఈ రెండూ ఇంగ్లీషులో రాసేవాళ్లకి పెద్దగా ఎదురుకావు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది శీర్షిక కింద గీత. ఈ పద్ధతిలో శీర్షిక రాసి కింది లైన్‌లో సమానం గుర్తులతో గీత గీయాలి, గీత శీర్షిక కన్నా పొట్టిగా ఉండకూడదు. "పుస్తకం" అంటే మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో మాత్రం ప, ఉకారం, స, పొల్లు, త, క, సున్నా, మొత్తం ఏడు గుర్తులు. కంటికి సరిపోయినట్టున్న గీత ప్రోగ్రామ్ లెక్కలో చాలదు, వెంటనే హెచ్చరిక వస్తుంది. ఇదేం తప్పు అని లైబ్రేరియన్ బెంబేలెత్తిపోతారు.

రెండోది ఇంకా లోతైనది. మన విభక్తులు మాటకి అతుక్కుంటాయి. ఫైల్‌లో, బటన్‌ని, మెనూకి. బటన్ పేరు వరకు బోల్డ్ చేసి, దానికి "ని" తగిలించాలంటే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ ఒప్పుకోదు. బోల్డ్ ముగిసిన చోట ఖాళీయో విరామచిహ్నమో ఉండాలి, లేదా బ్యాక్‌స్లాష్ పెట్టి ఖాళీ వదలాలి. అంటే ప్రతి వాక్యంలో ఒకటో రెండో బ్యాక్‌స్లాష్‌లు. పదేళ్లుగా ప్రోగ్రామింగ్ చేస్తున్నవాళ్లకి అది అలవాటే. ముప్ఫై ఏళ్లుగా యాక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించే రిజిస్టర్) రాస్తున్న మనిషికి, తన తెలుగు వాక్యం మధ్యలో ఆ గీతలు ఎందుకో ఎంత చెప్పినా ఎక్కదు, ఎక్కాల్సిన అవసరం కూడా లేదు.

మూడు నెలల్లో ఆ రిపాజిటరీలోకి ఒక్క లైబ్రేరియన్ చేతి మార్పు కూడా రాలేదు. వాళ్లు దిద్దడం మానేశారని కాదు. తప్పు కనిపిస్తే ఉద్యోగుల్లో ఒకతనికి వాయిస్ మెసేజ్ పంపేవాళ్లు, ఆ అబ్బాయి రాత్రిళ్లు కూర్చుని విని టైప్ చేసేవాడు. నేను కలిసినప్పటికి అతని ఫోన్‌లో ఇంకా వినని మెసేజ్‌లు నలభై దాకా ఉన్నాయి.

పీవో ఫైళ్ల సంగతి కూడా చెప్పాలి. వాక్యానికి వాక్యం అనువదిస్తే అధ్యాయాల వరుస కూడా ఇంగ్లీషుదే అవుతుంది. అక్కడ మొదట వచ్చేది సిస్టమ్ సెట్టింగులు. మన అసిస్టెంట్‌కి మొదటి రోజు కావాల్సింది పుస్తకం ఇష్యూ చేయడం, తిరిగి తీసుకోవడం. అందుకని అనువాదం వదిలేసి సొంతంగా రాద్దామని తేల్చుకున్నాం. దీనివల్ల పోగొట్టుకున్నదీ ఉంది. ఇంగ్లీషులో ఏం మారిందో మనకి దానంతటది తెలియదు. దానికి మందు తర్వాత చెప్తాను, అది సగం మందే.

నా మొదటి సలహా, అది ఎందుకు నిలవలేదు

వికీకి మారమన్నది నేనే. నా ఆలోచన ఇది: అందరూ ఏదో ఒక రోజు వికీపీడియా చూసినవాళ్లే, తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, పేజీ మీదే "సవరించు" ఉంటుంది, నొక్కి దిద్దితే చాలు, పాత కూర్పులన్నీ చరిత్రలో ఉంటాయి. అడ్డంకి దిద్దడం దగ్గరే ఉందని నాకు అప్పటికే తెలుసు, దిద్దడానికి వికీ కన్నా సులువైనది లేదు అనుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది భయం. బటన్ నొక్కగానే అందరికీ కనిపిస్తుంది అన్న సంగతి వాళ్లని వెనక్కి లాగింది. "సార్, నేను వేలు పెడితే ఉన్నది పాడవుతుందేమోనండీ, మీరు ఒకసారి చూసి పెట్టండి" అని ఒకావిడ నాతో అన్నారు. ఆవిడ 20 వేల పుస్తకాల కేటలాగు ఒంటిచేత్తో సరిచేసిన మనిషి, పిరికితనం కాదు అది. ప్రచురించే ముందు ఇంకొకరు చూడాలన్నది ఆ వృత్తిలో ఉన్న పద్ధతి, నేను ఆ పద్ధతిని తీసేసి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టాను. ముందుగా సమీక్షించే పొడిగింతలు వికీకి ఉన్నాయి, నిజమే, కానీ వాటిని పెట్టి నడిపించాలంటే సర్వర్ చూసుకునే మనిషి కావాలి. సర్వర్ చూసిన విద్యార్థికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. నెల తిరగకుండా స్పామ్ పేజీలు నిండిపోయాయి. ఇంకో విషయం, కొన్ని లైబ్రరీల్లో కౌంటర్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండదు, వాళ్లకి పీడీఎఫ్ కావాలి. వికీ పేజీలన్నిటినీ వరుసగా కూర్చి ఒక పుస్తకంగా తీయడం ప్రతిసారీ ఒక రోజు పని అయింది.

ఎనిమిది నెలలు నడిపి ఆపేశాం.

లెక్క మళ్లీ మొదటి నుంచి

ఈసారి నేను ఏ ఫార్మాట్ పేరూ ఎత్తలేదు. వాట్సాప్ గ్రూపులో మూడు నెలల మెసేజ్‌లు తీసుకుని, మాన్యువల్ గురించి వచ్చిన ప్రతి సవరణనీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అరవైకి పైగా ఉన్నాయి. ఐదారు తప్ప మిగతావన్నీ ఒక్క వాక్యంలో తేలిపోయేవి. ఈ బటన్ పేరు మారింది. ఈ బొమ్మ పాతది. ఇక్కడ బార్‌కోడ్ అన్నారు, యాక్సెషన్ నంబర్ అనాలి.

అప్పుడు అర్థమైంది. మాన్యువల్ రాయడం ఒక్కసారి జరిగే పని, దిద్దడం అది బతికున్నన్నాళ్లూ జరిగే పని. మేము మాత్రం మూడుసార్లూ రాసేవాళ్ల సౌకర్యమో, చివరికి వచ్చే పుస్తకం అందమో చూసి ఎంచుకున్నాం. ఇప్పుడు ఎంచుకోవాల్సింది ఒక్క వాక్యం దిద్దే మనిషి కోసం. ఆ మనిషి ఫోన్‌లో, రెండు నిమిషాల్లో దిద్దగలగాలి, అది బయటికి వెళ్లేలోపు ఇంకొకరు చూడాలి, ఏ వెర్షన్‌కి దిద్దారో తెలియాలి, కొత్త సర్వర్ ఉండకూడదు. ఈ నాలుగూ రాసుకుని వాటికి ఏది సరిపోతుందో చూశాం.

ఆస్కీడాక్ అనే ఇంకో రాత పద్ధతి గురించి గట్టిగా ఆలోచించాం. పట్టికలు, గమనికలు, ఒక ఫైల్‌ని ఇంకోదాంట్లో కలపడం, ఇవన్నీ దాంట్లో మార్క్‌డౌన్ కన్నా చాలా బాగుంటాయి. ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2021లో డాక్‌బుక్ నుంచి దానికే మారారు. మా బృందంలో అందరూ ప్రోగ్రామర్లే అయ్యుంటే నేనూ దానికే ఓటేసేవాణ్ని. కానీ మార్క్‌డౌన్‌లో గుర్తులు తక్కువ, బ్రౌజర్‌లో దిద్దే సౌకర్యం ఎక్కడ చూసినా ఉంది, కొంత మన లైబ్రేరియన్లకి తెలియకుండానే వచ్చు కూడా, ఎందుకంటే వాట్సాప్‌లో నక్షత్రం గుర్తు పెట్టి బోల్డ్ చేయడం వాళ్లకి అలవాటే. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ తెచ్చినప్పుడు ఈమెయిల్‌లో మనుషులు మామూలుగా రాసుకునే తీరునే పట్టుకున్నాడు, ఆ సహజత్వం ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా చూపించే గందరగోళం లేకుండా, 2014లో మొదలైన కామన్‌మార్క్ నియమాలకి కట్టుబడదామని రాసుకున్నాం.

నిలబడిన ఏర్పాటు

కొత్త అధ్యాయం ఆన్‌లైన్ డాక్యుమెంట్‌లోనే రాస్తారు. చిత్తుప్రతికి అది బాగుంటుందని ముందే చూశాం కదా. అధ్యాయం కుదిరాక, ఆ వారం వంతు ఎవరిదో వాళ్లు ఫార్మాట్లు మార్చే పాన్‌డాక్ ప్రోగ్రామ్‌తో మార్క్‌డౌన్‌కి మార్చి రిపాజిటరీలో పెడతారు. ఆ రోజు నుంచి ఆ డాక్యుమెంట్‌లో ఎవరూ రాయకుండా తాళం వేసి, పైన కొత్త చోటుకి లింక్ ఇస్తారు. ఈ తాళం చాలా ముఖ్యం. మొదటి రెండు అధ్యాయాలకి వేయడం మర్చిపోయాం, మళ్లీ రెండు రూపాలు తయారయ్యాయి.

దిద్దేవాళ్లు ప్రతి పేజీ కింద ఉన్న "ఈ పేజీ దిద్దండి" నొక్కి బ్రౌజర్‌లోనే దిద్దుతారు, ఇంకొకరు చూశాకే అది కలుస్తుంది. అది కూడా చేయనివాళ్లు వాయిస్ మెసేజ్ పంపొచ్చు. దీని మీద బృందంలో చాలా వాదన జరిగింది. అలవాటు మార్చకపోతే ఎప్పటికీ మారరు అని విద్యార్థులు. నా వాదన ఏంటంటే, మనకి కావాల్సింది లైబ్రేరియన్‌కి తెలిసిన విషయం, అది గొంతుతో వస్తే గొంతుతోనే తీసుకుందాం, కాకపోతే ఆ భారం ఒక్కడి మీద పడకుండా వారానికొకరు వంతు వేసుకుందాం. ఆ వంతుల వల్లే నలభై మెసేజ్‌ల గుట్ట కరిగింది.

ఒక వాక్యం ఒక లైన్ అని నియమం పెట్టుకున్నాం. కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రయాన్ కెర్నిఘన్ 1974లోనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి కొత్తవాళ్లకి ఈ సలహా ఇచ్చాడు, ప్రతి వాక్యం కొత్త లైన్‌లో మొదలుపెట్టమని. గిట్ తేడాలు లైన్ల లెక్కనే చూపిస్తుంది కాబట్టి, పేరా అంతా ఒకే లైన్‌లో ఉంటే ఒక్క బటన్ పేరు మార్చినా పేరా అంతా మారినట్టు కనిపించి సమీక్షించేవాళ్లకి విసుగొస్తుంది. ఇప్పుడు మారిన వాక్యం ఒక్కటే కనిపిస్తుంది.

మార్క్‌డౌన్‌లోనూ తెలుగు చిక్కులు లేకపోలేదు. వాట్సాప్‌లో ఒక నక్షత్రం అంటే బోల్డ్, ఇక్కడ ఒకటంటే ఇటాలిక్, రెండంటే బోల్డ్. లైబ్రేరియన్లు ఒకటే పెట్టేవాళ్లు, తెలుగు అక్షరాలు పక్కకి వాలిపోయి చదవడానికి ఇబ్బందిగా ఉండేవి. మనుషుల్ని దిద్దే బదులు స్టైల్‌షీట్‌ని (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైల్) దిద్దాం, ఒక నక్షత్రం పెట్టినా రెండు పెట్టినా బోల్డ్‌గానే కనిపిస్తుంది. విభక్తి సమస్య చాలావరకు తీరింది, ఎందుకంటే నక్షత్రాల వెంటనే "లో" రాసినా మార్క్‌డౌన్ ఒప్పుకుంటుంది. అయితే బోల్డ్ చేసిన మాట కుండలీకరణంతోనో కొటేషన్ గుర్తుతోనో ముగిసి, వెంటనే విభక్తి వస్తే, నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగిలిపోతాయి. దీనికి పరిష్కారం ఫార్మాట్‌లో కాకుండా వాక్యంలో దొరికింది. బటన్ పేరుకి విభక్తి తగిలించకుండా, పేరు తర్వాత "బటన్", "మెనూ", "పేజీ" అని ఒక నామవాచకం రాసి విభక్తి దానికి పెట్టాలి. "సేవ్‌ని నొక్కండి" అనకుండా "సేవ్ బటన్‌ని నొక్కండి" అని. వాక్యమూ బాగుపడింది, రేపు బటన్ పేరు మారినా ఒక్క మాట మార్చితే సరిపోతుంది.

కంటికి కనిపించని ఇంకో చిక్కు. "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా కనిపించాలంటే మధ్యలో కనిపించని ఒక గుర్తు ఉండాలి, లేకపోతే వకారం ఒత్తుగా కిందికి దిగిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. ఫలితంగా వెతికితే సగం పేజీలు దొరకవు. సమీక్షలో లైన్ మారినట్టు చూపిస్తుంది, ఏం మారిందో కంటికి ఆనదు. ఐత్వం గుర్తుకి కూడా యూనికోడ్‌లో రెండు రాతలున్నాయి, ఒకే గుర్తుగా ఒకటి, రెండు ముక్కలుగా ఒకటి. వీటిని ఒకే తీరుకి తెచ్చే చిన్న స్క్రిప్ట్ ఒక విద్యార్థిని రాసింది. ప్రతి మార్పు కలిసే ముందు అది నడుస్తుంది. ఫైళ్ల పేర్లు మాత్రం తెలుగులో పెట్టడం మానేశాం.

పీడీఎఫ్ కోసం లాటెక్ (పుస్తకం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) జోలికి పోలేదు. తెలుగు ఒత్తులు సరిగ్గా రావాలంటే దాంట్లో సరైన ఇంజిన్, సరైన ఫాంట్ కుదుర్చుకోవాలి, అది తెలిసినవాళ్లు మాలో ఒక్కరే. బ్రౌజర్ ఎలాగూ తెలుగు బాగా చూపిస్తోంది, అందులోంచే నోటో ఫాంట్‌తో పీడీఎఫ్ తీస్తున్నాం. ప్రతి పేజీ అడుగున సాఫ్ట్‌వేర్ వెర్షన్, చివరిసారి సరిచూసిన తేదీ ఉంటాయి. ఇందాక సగం మందు అన్నది ఇదే. ఇంగ్లీషులో ఏం మారిందో ఇది చెప్పదు, కానీ ఈ పేజీని నమ్మొచ్చో లేదో చదివేవాళ్లకి చెప్తుంది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సమయానికి మొదటి పూర్తి కూర్పు వచ్చింది.

పాత ఫాంట్‌లో ఉన్న ఆ మూడు అధ్యాయాల గురించి కూడా చెప్పాలి. కన్వర్టర్‌తో మార్చితే ఒత్తులు చాలా చోట్ల తప్పిపోయాయి. మేడమ్ గారు ప్రింట్ తీయించి ఎర్ర పెన్నుతో దిద్ది, ఫొటోలు పంపారు. మేము వాటిని చూసి టైప్ చేశాం. మొత్తం మాన్యువల్‌లో అతి తక్కువ తప్పులున్న అధ్యాయాలు ఇప్పటికీ అవే.

మళ్లీ ఇలాంటి పని వస్తే

ఫార్మాట్ గురించి మాట్లాడేముందు సవరణలు చదువుతాను. ఎవరు దిద్దుతున్నారు, దేంతో దిద్దుతున్నారు, ఎంత పొడవు దిద్దుతున్నారు అన్నది మొదటి వారంలోనే తేలిపోయేది, నేను వికీతో పోగొట్టిన ఎనిమిది నెలలు మిగిలేవి. రెండోది, ఏ ఫార్మాట్ అయినా ఒక తెలుగు పేజీ నిండా రాయించి చూస్తాను, విభక్తులతో, ఒత్తులతో, ఇంగ్లీషు మెనూ పేర్లతో. ఇంగ్లీషు నమూనా పేజీ చూసి నిర్ణయిస్తే మనకి రావాల్సిన ఇబ్బందుల్లో ఒక్కటీ కనిపించదు. లైసెన్స్ సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. మేము ఆలస్యంగా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌కి (ఇతరులు వాడుకోవడానికి, పంచుకోవడానికి ముందే అనుమతి ఇచ్చేది) వచ్చి, 14 మందినీ వెతికి ఒప్పుకోలు తీసుకోవాల్సొచ్చింది.

పట్టికలు మాత్రం ఇంకా తేలలేదు. ఏ రకం సభ్యుడికి ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు, రోజుకి ఎంత ఫైన్ అన్న పట్టిక మార్క్‌డౌన్‌లో తెలుగులో రాస్తే నిలువు గీతలు వరుసలో నిలవవు, ఒక్క గీత తప్పితే అంకెలు పక్క గడిలోకి జరిగిపోతాయి. దాన్ని విడిగా సీఎస్‌వీ ఫైల్‌లో (గడుల్ని కామాలతో విడదీసే పట్టిక ఫైల్) పెట్టి చూశాం, కానీ సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపం ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతోంది. దాంతో ఫైన్ నియమాలు బాగా తెలిసిన లైబ్రేరియన్లే ఆ ఒక్క పేజీని ముట్టుకోలేకపోతున్నారు. అసలు పట్టికే లేకుండా, ఒక్కో రకం సభ్యుడికి ఒక్కో చిన్న పేరాగా రాసి చూద్దామని పోయిన వారం మేడమ్ గారు అన్నారు. అధ్యాపకుల పేరా ఆవిడే రాసి పంపారు, ఈ వారం వంతు నాది, ఇవాళ రాత్రి దాన్ని ఎక్కించాలి.